బుడ్డోడు గారి అడ్రసు

జూన్ 2

తమ్ముడికి,

పదకొండేళ్లుగా జనం నన్ను బుడ్డోడు గారూ అని పిలుస్తున్నారు. నాకు డెబ్భై ఒకటి నిండాయి. మొన్న ఆసుపత్రిలో దుప్పట్లు కుట్టే ఆవిడ మిషన్ మోయించుకుని షాపుకి వచ్చింది. నన్ను కిందా మీదా చూసి, "బుడ్డోడు గారు లేరా అండీ?" అంది. "నేనే" అన్నాను. నవ్వు ఆపుకోలేక సంచిలో లేని వస్తువేదో వెతికింది. నేను చూడనట్టు నూనె డబ్బా అందుకున్నాను.

ఇది నువ్వు చేసిన పని. అమ్మ నిన్ను చిన్నప్పుడు పిలిచిన పేరు తీసుకొచ్చి నా షాపు ఈమెయిలుకి పెట్టావు. పెట్టిన తొమ్మిదో రోజున పనిముట్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమని పెట్టె సర్దుకుని వెళ్లిపోయావు. మనిషివి అక్కడ, పేరు నా నెత్తిన. ఇన్నాళ్లూ అడగలేదు. ఇప్పుడు అడగాల్సి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను.

నా పద్ధతి నీకు తెలుసు. బాగుచేసిన ప్రతి కుట్టు మిషన్ కింద ఇత్తడి రేకు బిగిస్తాను. దాని మీద ఆ ఈమెయిలు అడ్రసు గుద్దుతాను. రేపు సూది విరిగినా, దారం చిక్కుపడ్డా, ఎవణ్ణి తిట్టాలో వాళ్లకి తెలియాలి. చేసినవాడు ఎక్కడున్నాడో చెప్పని మిషన్ నా షాపు గడప దాటదు. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. అక్షరాలు చెక్కిన ఉక్కు పంచీలు సుత్తితో గుద్దీ గుద్దీ పెద్ద అక్షరాలు మాత్రం పట్టుబడ్డాయి. ఆ అడ్రసు మధ్యలో ఒక గుర్తు ఉంటుందే, ఇంగ్లీషు 'ఏ' అక్షరం చుట్టూ తోక తిప్పినట్టు, అది ఏ దుకాణంలోనూ పంచీల పెట్టెలో రాదు. నువ్వే ఆకురాయితో అరగదీసి చేసిచ్చావు. అది ఒక్కటీ ఒప్పుకుంటాను.

ఇప్పటికి తొమ్మిది వందల పైన రేకులు లోకంలో తిరుగుతున్నాయి. అన్నిటి మీదా బుడ్డోడు.

సంగతేమిటంటే, మీ వదిన రోజూ సాయంత్రం ఫోనులో ఉత్తరాలు చదివి వినిపిస్తుంది. మొన్న చదువుతూ చదువుతూ ఆగింది. ఆ ఉత్తరాల కంపెనీవాళ్లు జూలై ముప్పై ఒకటితో దుకాణం కట్టేస్తున్నారట. అందరూ ఇంకో చోటు చూసుకోవాలట. ఎంత మర్యాదగా రాశాడో తెలుసా, మనకేదో మేలు చేస్తున్నట్టు. ఆగస్టు ఒకటి నుంచి నా రేకులన్నీ మూగవి.

కాబట్టి కొత్త అడ్రసు కావాలి. ఈసారి అది నా పేరు మీద ఉండాలి. ఏ కంపెనీ మంచిదో నువ్వే చెప్పు, ఇవి నీకు తెలుసు. నేను అడిగేది ఇంతే. వాడు నా ఉత్తరాలు విప్పి చదువుతాడా? నాకు కోపమొచ్చి మారిపోతానంటే నా సామాను నాకిస్తాడా? వీడిలాగే వాడూ ఒకరోజు కట్టేస్తే నా రేకుల గతేమిటి?

ఫోను చెయ్యకు. నీ మాట సగమే వినపడుతుంది, ఆ సగానికే నాకు కోపమొస్తుంది. ఈమెయిలూ వద్దు. ఖాళీ చెయ్యమన్నవాడి చేతికే ఆ కబురు ఇస్తానా? పోస్టులో రాయి. పన్నెండో తారీఖులోగా అందాలి.

మరదలి మోకాలు ఎలా ఉందో అది కూడా రాయి.

అన్న


జూన్ 7

అన్నయ్యకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. కవరు మీద నూనె మరక చూడగానే నీ మరదలు "మీ అన్నయ్య" అంది, పేరు కూడా చూడలేదు. దాని మోకాలు పర్వాలేదు. మెట్లు దిగేటప్పుడు నన్ను తిడుతుంది, ఎక్కేటప్పుడు ఊపిరి చాలక ఊరుకుంటుంది.

నీ కోపం సంగతి ముందు. ఆ రోజు నువ్వు తొక్కుడు మిషన్ కింద వెల్లకిలా పడుకుని ఉన్నావు. నోట్లో రెండు స్క్రూలు. "అన్నా, ఏ పేరు పెట్టను?" అని మూడుసార్లు అడిగాను. మూడోసారి స్క్రూలు ఉమ్మేసి, "ఏదో ఒకటి ఏడు, నన్ను విసిగించకు" అన్నావు. నాకు తోచింది పెట్టాను. పోనీ, పదకొండేళ్లలో ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే మార్చేవాణ్ణి కదా. ఎందుకు రాయలేదు?

ఇక కంపెనీల మాట. ఊరికే ఇచ్చేవాళ్లు ఉన్నారు. పెద్ద కంపెనీలు, రేపే కట్టెయ్యవు. కానీ నీ పెట్టెలో ఏముందో వాళ్ల మరమనిషి తడిమి చూసుకుంటుంది, దానికి తగ్గ ప్రకటనలు నీ ముందు పరుస్తారు. చందా తీసుకునేవాళ్లు కొందరున్నారు. వాళ్లు తడమరు, వెళ్తానంటే సామాను మూటగట్టి ఇస్తారు. అయినా ఏదో ఒకరోజు వాళ్లూ కట్టెయ్యరని ఎవరు చెప్పగలరు?

నువ్వడిగిన మూడో ప్రశ్నకి జవాబు ఒక్కటే. ఆ గుర్తు ఉందే, దానికి ముందున్నది మనిషి, వెనకున్నది ఇల్లు. ఇన్నాళ్లూ వెనక ఉన్నది ఎవడిదో ఇల్లు. వాడు తలుపేస్తే నువ్వు వీధిలో ఉన్నావు. అలా కాకుండా వెనక ఉండే పేరు మనమే తీసుకోవచ్చు. షాపు బోర్డు అనుకో. బోర్డు నీది, గది అద్దెది. ఈ గది నచ్చకపోతే బోర్డు విప్పుకుని పక్క గదికి తగిలించుకుంటావు. ఉత్తరం బోర్డు చూసుకుని వస్తుంది, గది ఎవడిదని అడగదు. రేకు మీద గుద్దిన అడ్రసు జన్మలో మార్చక్కర్లేదు. ఏడాదికోసారి ఆ పేరు తిరగరాయించుకోవాలి, అంతే.

బోర్డు మీద "అన్నదమ్ములు" అని పెడితే ఎలా ఉంటుందంటావు? వెతికాను, ఖాళీగానే ఉంది.

ఆ గుర్తు పంచి ఇంకా బతికే ఉందా? అప్పట్లో నాకు ఉక్కు కాల్చి నీళ్లలో ముంచి పదును పట్టడం సరిగ్గా రాదు. ఎక్కువ పట్టేశానని అనుమానం. అలాంటివి చెప్పాపెట్టకుండా విరుగుతాయి.

వదినకి నమస్కారాలు.

నీ తమ్ముడు


జూన్ 12

తమ్ముడికి,

స్క్రూలు రెండు కాదు, మూడు. నాకు బాగా గుర్తుంది. అడిగావంటున్నావే, నోట్లో స్క్రూలున్నవాణ్ణి అడిగేది అడగడమేనా? లేచేదాకా ఆగలేకపోయావా? అప్పటికే నీ మనసు ఫ్యాక్టరీ గేటు దగ్గరుంది.

బోర్డు మాట విన్నాను. మంచి మాటే. కానీ "అన్నదమ్ములు" ఏమిటి? పదకొండేళ్లు ఈ షాపులో ఒక స్క్రూ తిప్పనివాడు ఇప్పుడు బోర్డెక్కుతాడా? నేను ఒంటి చేతిమీద నడిపిన షాపు ఇది. పైకప్పు అద్దం పగిలి వాన నేరుగా బెల్టుల మీద పడుతుంటే, నిచ్చెనెక్కి రేకు కొట్టింది ఎవరు? అన్నదమ్ములా?

పైగా ఏడాదికోసారి తిరగరాయించాలన్నావు. నేను మర్చిపోతేనో? కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషిని. నిన్న మీ వదిన అరగంట వెతకనిచ్చి అప్పుడు చెప్పింది.

అందుకని నేనే తేల్చేశాను. మీ వదిన ఫోనులో ముందే ఉన్న పెద్ద కంపెనీ ఒకటుంది, ఊరికే ఇచ్చేది. తడుముకోనీ. నా పెట్టెలో ఏముంది, బాబిన్లూ బెల్టులూ. తడిమితే వాడి చేతికే జిడ్డు. ఆ కంపెనీలో పేరు "కందిరీగ". చిన్నప్పుడు ఆ పేరు నువ్వే పెట్టావు, బజారంతా అంటించావు. దానికీ నిన్ను తిట్టాలి, కానీ కనీసం అది నాది. ఎవడూ నవ్వడు. కాస్త భయపడతాడు కూడా.

రేకులు మొదలుపెట్టేశాను. రెండు వందలు కోయించాను, రోజుకి ఇరవై గుద్దుతున్నాను. కాబట్టి నువ్వు చెయ్యాల్సింది తక్కువ. ఆ కంపెనీలో ఆ పేరు నా మీద రాయించు. పాత పెట్టె పాస్‌వర్డ్ చెప్పు. మీ వదిన ఫోను ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ దాని అవసరం రాలేదు. ఇప్పుడు పాత ఉత్తరాలు దింపుకోవాలంటే అది అడుగుతోంది.

పంచి భేషుగ్గా ఉంది. నీకు దాని దిగులు అక్కర్లేదు.

అన్న


జూన్ 17

అన్నయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి నిన్న సాయంత్రమే కూర్చున్నాను. ఆ కంపెనీలో "కందిరీగ" దొరకలేదు. ఎవరో ముందే తీసేసుకున్నారు. రేకులు గుద్దేముందు నన్నొక్క మాట అడగాల్సింది అన్నా. అడ్రసు అంటే రాయించుకున్నాక మనదవుతుంది గానీ, గుద్దుకున్నాక కాదు.

చివర అంకె తగిలిస్తే దొరుకుతుంది. కందిరీగ డెబ్భై ఒకటి ఖాళీగా ఉంది. గుద్దినవాటికి చివర రెండంకెలు పట్టే చోటుంటే రేకులు దండగ కావు. ఏమంటావు?

లేదంటే బోర్డు మాట ఇంకోసారి ఆలోచించు. తిరగరాయించే సంగతి నేను చూసుకుంటాను, నా కళ్లజోడు ఇంకా ముక్కు మీదే ఉంటోంది.

ఫ్యాక్టరీలో కొత్త యంత్రం దించారు. అందరూ దాని చుట్టూ తిరుగుతున్నారు, నన్నూ తిప్పుతున్నారు. అందుకే ఉత్తరం పొట్టిగా ఉంది, ఏమీ అనుకోకు.

నీ తమ్ముడు


జూన్ 21

తమ్ముడికి,

అంకె తగిలించుకోమంటావా? నేనేమన్నా సిటీ బస్సునా? వచ్చే ఏడు డెబ్భై రెండు వస్తుంది, అప్పుడేం చెయ్యను, కొట్టేసి మళ్లీ గుద్దనా?

ఎవరో తీసుకున్నారట. ఎవరో ఎవరు? ఈ లోకంలో నన్ను మొదట కందిరీగ అన్నవాడివి నువ్వు. ఆ పేరు పెట్టాలనుకున్నానని నేను రాసింది నీకు ఒక్కడికే. నా ఉత్తరం నీకందింది, మర్నాటికి ఆ పేరు లేదు. నేను చదువుకోలేదు గానీ ఇంతమాత్రం లెక్క కట్టగలను. నన్ను ఎటూ పోనీకుండా తిప్పి ఆ "అన్నదమ్ములు" దగ్గరికే తోలాలని నీ ఎత్తు.

పాస్‌వర్డ్ అడిగాను. దాని ఊసే లేదు. పొట్టి ఉత్తరమట. పాస్‌వర్డ్ రాయడానికి ఎంత కాగితం కావాలి?

మీ వదిన ఈ ఉత్తరం పోస్టు చెయ్యొద్దంటోంది. అందుకే నేనే వెళ్లి డబ్బాలో వేస్తున్నాను.

అన్న


జూన్ 27

అన్నయ్యకి,

నేను తీసుకోలేదు. ఆ కంపెనీలో కోట్లమంది ఉన్నారు. ముక్కు మీద కోపమున్నవాడు నువ్వొక్కడివే పుట్టావనుకుంటున్నావా? ప్రతి బజారులోనూ ఒక కందిరీగ ఉంటాడు. వాళ్లలో ఎవడో నీకన్నా ముందు లేచాడు, అంతే.

పాస్‌వర్డ్ మర్చిపోయి రాయలేదు. ఇప్పుడు కూడా కాగితం మీద పెట్టను, నీకు నోటికి వచ్చిందే కాబట్టి. మనిద్దరం కలిసి మొదట బాగుచేసిన మిషన్ నంబరు. వరదలో మునిగి తేలిన నల్ల మిషన్. నువ్వు చెబుతుంటే వదిన కొడుతుంది.

"అన్నదమ్ములు" అని ఎందుకన్నానో చెప్పి ఊరుకుంటాను. షాపులో వాటా కోసం కాదు. ఆ గుర్తు పంచి చెయ్యడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. రెండు పాడయ్యాక మూడోది కుదిరింది. వెళ్లిపోతున్నానని నీకు చెప్పే ధైర్యం లేక ఆ మూడు సాయంత్రాలూ దాన్నే అరగదీస్తూ కూర్చున్నాను. నువ్వు గుద్దే ప్రతి రేకు మీదా నా పని ఒకటి ఉందని ఇక్కడ అప్పుడప్పుడు అనుకుంటాను. ఆ అలవాటు కొద్దీ అన్న మాట.

నాకు నవంబరులో రిటైర్మెంటు. ఇది తెలిసి నువ్వు ఇంకేదో ఊహించుకునేముందు నేనే చెబుతున్నాను. నువ్వు పిలవందే ఆ షాపు గడప తొక్కను.

పేరు నీకు నచ్చింది పెట్టుకో. ఏ కంపెనీ అయినా సరే. రాయి, రాయించి పెడతాను. ముప్పై ఒకటి దాటనివ్వకు.

తమ్ముడు


జూలై 10

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయడానికి చేతులు ఖాళీ లేవు. ఇది అబద్ధం. మీ వదిన పక్కనే ఉంది కాబట్టి చెబుతున్నాను.

నంబరు తప్పులేకుండా చెప్పాను. ఎనిమిది అంకెలు. మీ వదిన కొట్టింది, తెరుచుకుంది. కాసేపు నేను లేచి బయట నిలబడ్డాను. ఆ మిషన్‌లోంచి బురద తీస్తుంటే ఒక నత్త బయటికి వచ్చింది గుర్తుందా? దాన్ని బెంచీ మీద పెట్టి దాని నడక చూస్తూ కూర్చున్నావు, నేను తిట్టాను.

పాత ఉత్తరాలన్నీ దింపుకున్నాం. రాసినవాళ్లందరికీ మీ వదిన ఒక కబురు పెట్టింది, ఈ అడ్రసు నెలాఖరుతో మూతపడుతుంది, కొత్తది చెబుతాం అని. మూడు వందల నలభై మంది. మూడు రోజుల్లో జవాబులు వచ్చి పడ్డాయి. అన్నీ "బుడ్డోడు గారికి" అనే. తెరలు కుట్టే ఒకాయన, "ఎక్కడికి వెళ్లినా పేరు మాత్రం మార్చకండి, మిమ్మల్ని వెతుక్కోలేం" అని రాశాడు. దూరాన గుడారాలు కుట్టే ముసలావిడ ఉంది, ఏడాదికోసారి దారం తెగుతోందని రాస్తుంది. ఆవిడ, "బుడ్డోడు గారూ, ఒంట్లో బాగానే ఉంది కదా?" అని అడిగింది. మిషన్ గురించి ఒక్క ముక్క లేదు. ఆసుపత్రి ఆవిడ కూడా రాసింది. ఆ రోజు నవ్వినందుకు క్షమించమంది. ఆవిడ నవ్వాపుకున్నది నాకు తెలిసిందని ఆవిడకి తెలియదనుకున్నాను. పోనీలే.

మిగతా ఆరు వందల మంది ఎప్పుడూ ఉత్తరం రాయనివాళ్లు. వాళ్ల దగ్గర నా రేకు ఒక్కటే ఉంది. రేపు మిషన్ ఆగితే వాళ్లు ఆ రేకు చూసి బుడ్డోడి కోసమే వెతుకుతారు. కందిరీగ అంటే వాళ్లకేం తెలుసు? కాబట్టి ఆ పేరు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. నా ఇష్టాయిష్టాల మాట కాదు ఇది, పని మాట.

అందుకని ఇలా తేల్చాను. బోర్డే తీసుకుందాం. గది చందావాడిది, తడమనివాడిది చూడు. బోర్డు మీద "బుడ్డోడు". గుర్తుకి ముందు మనిషి, వెనక ఇల్లు అన్నావు కదా? ముందు కందిరీగ, వెనక బుడ్డోడు. సొంత బోర్డు కాబట్టి ముందు పేరు ఇంకెవడూ తీసుకోలేడని మీ వదిన అంటోంది, నిజమేనా? ఆ పేరు ఖాళీగా ఉందో లేదో ముందు చూడు. ఈసారి రేకులు గుద్దకుండా అడుగుతున్నాను.

గుద్దలేదంటే, గుద్దడానికి లేదు. నీకు అబద్ధం రాశాను. పంచి భేషుగ్గా ఉందని రాసిన రోజుకే దాని తోక దగ్గర బీట ఉంది. నూట నలభై ఆరో రేకు మీద రెండు ముక్కలైంది. ఒక ముక్క బెంచీ కింద దొరికింది, ఇంకోటి రెండు రోజులు వెతికాను, దొరకలేదు. మీ వదిన ఈసారి నా నుదురు చూపించలేదు. పదును నువ్వన్నట్టే ఎక్కువైంది. అయినా వెయ్యి పైన రేకులు లాగింది. మొదటిసారి చేసినవాడి పనికి అది తక్కువేం కాదు. ఆ నూట నలభై ఆరు రేకులూ పారెయ్యను. తిరగేసి వెనకవైపు గుద్దుతాను.

ఊళ్లో నాలుగు దుకాణాలు తిరిగాను. అక్షరాలున్నాయి, అంకెలున్నాయి, చుక్క కూడా ఉంది. ఆ గుర్తు లేదు. ఏ పేరు పెట్టుకున్నా, ఏ కంపెనీకి మారినా ఆ గుర్తు మధ్యలో లేకుండా ఉత్తరం రాదట కదా. అన్ని అడ్రసులకీ అంతేనట. ఇది నాకు ముందు తెలియదు.

పదకొండేళ్లలో పేరు మార్చమని ఎందుకు రాయలేదని అడిగావు. ఇంగ్లీషులో నాకు చదవడం వచ్చిన మాట ఆ పేరొక్కటే ఉండేది, రోజూ గుద్దేవాణ్ణి కాబట్టి. ఇంక దీని గురించి అడగకు.

పేరు నువ్వు తీసుకోలేదన్నావు. సరే, తీసుకోలేదు.

ఇప్పుడు నాకు కావాల్సింది పంచి. ఈసారి పదును తగ్గించు. పోస్టులో పంపితే తీసుకోను, కవరుకి చిల్లు పెట్టి ఎక్కడో పడిపోతుంది. మనిషి చేతిలో రావాలి. పిలవందే రానన్నావు. నాకు పిలవడం రాదు, అది నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. పంచి తీసుకురా అని రాస్తున్నాను. మరదలికి మెట్లు లేని గది కింద ఉంది, మీ వదిన నిన్న దులిపింది.

ముప్పై ఒకటికి పాతది మూతపడుతుంది. అంతకుముందే కొత్త రేకు ఒకటి ఆసుపత్రి మిషన్‌కి పడాలి. ఏ రోజున, ఏ బండికి దిగుతున్నావో ఆ ఒక్క ముక్క రాయి చాలు. జూలై ఇరవైకల్లా జవాబు నా చేతిలో ఉండాలి. ఇరవై ఒకటి అంటే ఒప్పుకోను.

అన్న